బ్యాంకు పక్కన ఇల్లు: ఆన్‌లైన్ గేముల్లో ఊళ్ళు ఎక్కడ పుడతాయి?

మొన్న వేసవి సెలవుల్లో మా మేనల్లుడు, వాడి స్నేహితులు ముగ్గురు కలిసి మైన్‌క్రాఫ్ట్ అనే, దిమ్మెలు పేర్చి కట్టుకునే గేములో కొత్త లోకం ఒకటి మొదలుపెట్టారు. తలా ఒక ఇల్లు కావాలి. ఒకడు అందరూ పుట్టే చోటే (ఆటలోకి వచ్చినవాళ్ళు మొదట తేలే చోటన్నమాట), నాలుగడుగులు కూడా వెయ్యకుండా, మట్టి దిమ్మెలతో గోడ లేపేశాడు. ఇంకొకడు వ్యూ బాగుంటుందని కొండెక్కాడు. మావాడు నేల తవ్వుకుని లోపలికి దూరాడు. నాలుగోవాడు చడీచప్పుడు లేకుండా ఎటో వెళ్ళిపోయాడు. కోఆర్డినేట్లు చెప్పరా అంటే చెప్పడు. "మామయ్యా, నువ్వయితే ఎక్కడ కట్టుకుంటావు?" అని మావాడు అడిగితే, కొండ మీద అన్నాను. జాలిగా చూశాడు.

మూడో రోజుకి కొండ మీదవాడు కిందికి దిగొచ్చి, మొదటివాడి గోడకి గోడ ఆనించి కట్టుకుంటున్నాడు.

ఎందుకు దిగాడో అడిగితే లెక్క తేలిగ్గానే తేలింది. మైన్‌క్రాఫ్ట్‌లో చచ్చిపోతే ఒంటి మీదున్నదంతా చచ్చిన చోటే పడిపోతుంది. మనం మాత్రం మొట్టమొదట పుట్టిన చోట లేస్తాం. కింద పడ్డ సామాను మామూలుగా 5 నిమిషాల్లో మాయమైపోతుంది. అంటే లేచిన చోటు నుంచి పడ్డ చోటికి ఆలోపు పరిగెత్తగలగాలి. మంచం వేసుకుని పడుకుంటే లేచే చోటు ఆ మంచం దగ్గరికి మారుతుంది, నిజమే. కానీ మంచానికి ఉన్ని కావాలి, ఉన్నికి గొర్రెలు కావాలి, వాడెక్కిన కొండ మీద ఒక్క గొర్రె కూడా లేదు. రెండుసార్లు దయ్యాల చేతిలో చచ్చి, రెండుసార్లూ సామాను పోగొట్టుకున్నాక వ్యూ సంగతి మర్చిపోయాడు.

ఆన్‌లైన్ గేముల్లో జనం ఎక్కడ స్థిరపడతారన్నది చూడ్డానికి అభిరుచికి సంబంధించిన విషయంలా ఉంటుంది. ఒకరికి అడవి ఇష్టం, ఒకరికి సముద్రం ఇష్టం, అంతే కదా అనిపిస్తుంది. కానీ పాతికేళ్ళకు పైగా నడుస్తున్న ఈ లోకాల చరిత్ర చూస్తే అభిరుచి వాటా చాలా తక్కువ. చచ్చాక ఎక్కడ లేస్తాం, సామాను ఎక్కడ దాచుకుంటాం, అమ్ముకోవాలంటే ఎంత దూరం పోవాలి, మిగతావాళ్ళంతా ఎక్కడున్నారు అన్న ప్రశ్నలే ఊరిని తేలుస్తాయి. అన్నిటికంటే పెద్ద మాట దారిది. దారి మార్చినప్పుడల్లా ఊరు మారింది.

అల్టిమా ఆన్‌లైన్ 1997 సెప్టెంబరులో వచ్చింది. వేలమంది ఒకే లోకంలో కలిసి బతికే గేముల్లో తొలి పెద్ద గేముల కోవలోది. బ్రిటానియా అనే ఆ రాజ్యంలో కోటలు, గుళ్ళు, సత్రాలు, ఊళ్ళు అన్నీ కంపెనీవాళ్ళు ముందే కట్టి ఉంచారు. జనం మాత్రం బ్రిటన్ అనే నగరంలో ఒక బ్యాంకు ముందు పోగయ్యారు. బ్యాంకు పెట్టెలో దాచిన సామాను మనం చచ్చినా భద్రంగా ఉంటుంది. ఊరి హద్దు లోపల ఎవడైనా దొంగతనానికో హత్యకో దిగితే "గార్డ్స్" అని అరవడమే ఆలస్యం, కాపలావాళ్ళు ప్రత్యక్షమై ఒక్క వేటుతో వాణ్ణి పడగొట్టేవాళ్ళు. పెట్టె తెరవాలంటే బ్యాంకువాడి దగ్గర నిలబడి "బ్యాంక్" అనే మాట టైపు చెయ్యాలి. టైపు చేసిన మాట తల మీద అక్షరాలై తేలుతుంది. దాంతో ఆ బ్యాంకు ముందు ఎప్పుడు చూసినా గుంపులో తలతలకీ "బ్యాంక్", "బ్యాంక్" అని తేలుతూ ఉండేది. కొందరు దుకాణదారుణ్ణి పిలవడం, బ్యాంకు తెరవడం, కాపలావాళ్ళని పిలవడం మూడూ ఒకే మీట నొక్కితే వచ్చేలా పెట్టుకున్నారు. కొనేవాళ్ళు అక్కడున్నారు కాబట్టి అమ్మేవాళ్ళు అక్కడికే వచ్చారు, వాళ్ళున్నారని ఇంకొంతమంది కొనేవాళ్ళు వచ్చారు. సంత పుట్టింది. అక్కడ సంత పెట్టమని ఎవరూ చెప్పలేదు.

ఇల్లు కట్టుకోవడం వేరే సంగతి. ఇంటి డీడ్, అంటే హక్కు పత్రం, కొనుక్కుని, ఊరి హద్దు బయట ఖాళీ నేల చూసుకుని, అక్కడ క్లిక్ చేస్తే ఇల్లు లేస్తుంది. ఆ నేల చదునుగా ఉండాలి, చెట్టూ చేమా అడ్డు రాకూడదు. అన్నిటికంటే చిన్న ఇంటికి 7 గళ్ళ పొడవు, 7 గళ్ళ వెడల్పు చాలు. అన్నిటికంటే పెద్ద కోటకి 31కి 31 గళ్ళు కావాలి. అంత చదును నేల రాజ్యం మొత్తం మీద ఎన్నిచోట్ల ఉంటుంది? మ్యాపు పెరగదు, జనం పెరుగుతున్నారు. చూస్తుండగానే ఖాళీ నేల అయిపోయింది. ఆటలోని ఇళ్ళు ఈబేలో అసలు డాలర్లకు అమ్ముడుపోవడం మొదలైంది. మన ఊళ్ళ చుట్టూ వెంచర్లు లేచిన తీరు చూసినవాళ్ళకి ఇందులో వింతేమీ ఉండదు.

ధర ఏ చోటికి పలికిందన్నది ఇంకా ఆసక్తికరం. అల్టిమాలో రూన్ అనే రాయి మీద ఒక చోటిని గుర్తు పెట్టుకుంటే, మంత్రం చదివి నేరుగా అక్కడికి చేరిపోవచ్చు. ఆ లెక్కన ఇల్లు అడవి మధ్యలో ఉన్నా యజమానికి ఇబ్బంది లేదు. ఇబ్బంది కొనేవాడికి. వాడి దగ్గర మన గుమ్మం గుర్తున్న రాయి ఉండదుగా! ఇంటి ముందు అమ్మకపు బొమ్మని నిలబెట్టి వ్యాపారం చేద్దామనుకునేవాడికి దారి పక్క స్థలమే కావాలి, ఊరికి దగ్గర స్థలమే కావాలి. నిద్రపోయే ఇల్లయితే ఎక్కడైనా ఒకటే. కొట్టు పెట్టే ఇంటికే ధర.

భయం పాత్ర కూడా ఉంది. మొదట్లో ఇంటి తాళంచెవి కూడా సంచిలో మోసే వస్తువే. యజమాని గుమ్మం దాటి బయటికి రాగానే పొదల్లో కాచుకున్నవాడు చంపి, తాళంచెవి లాక్కుని, ఇల్లంతా ఊడ్చుకుపోయేవాడు. కాబట్టి ఊరి హద్దుకి నాలుగడుగుల బయట, పిలిస్తే పలికేంత దూరంలో ఉన్న స్థలానికి గిరాకీ మామూలుగా ఉండేది కాదు.

2000 మే నెలలో కంపెనీ ఒక విచిత్రమైన పని చేసింది. బ్రిటానియా మొత్తానికి నకలు ఇంకొకటి తయారుచేసింది. పాతదాని పేరు ఫెలూకా, కొత్తదాని పేరు ట్రామెల్. అవే కొండలు, అవే నదులు, అవే ఊళ్ళు. తేడా ఒక్కటే, ట్రామెల్‌లో ఒప్పుకోని మనిషిని చంపడం కుదరదు. ఒక్కసారిగా రాజ్యమంతటి ఖాళీ నేల దొరికేసరికి జనం డీడ్లు పట్టుకుని పరుగెత్తారు. ఫెలూకా వెలవెలబోయింది. ఆటని పాడుచేసింది ఈ నిర్ణయమేనని పాత ఆటగాళ్ళు ఇప్పటికీ తిడతారు. నాకు ఆ మాట మింగుడుపడదు. ఎవర్నీ మెడపట్టి గెంటలేదు, తలుపు తీశారంతే. ఎక్కువమంది వెళ్ళిపోయారంటే అంతకుముందు వాళ్ళు అక్కడుండటం ఇష్టమై కాదు, వేరే దిక్కు లేక.

ఆ గేములో ఇంటికి ఒక గండం ఉంది. యజమాని చాలాకాలం రాకపోతే ఇల్లు పాతబడుతూ పోతుంది. చివరి దశలో ఇంటి బోర్డు మీద "కూలిపోయే ప్రమాదంలో ఉంది" అని కనిపిస్తుంది. ఆ బోర్డు ఎవడి కంట పడిందా, ఇక అక్కడ రాత్రింబవళ్ళు జాగారమే. ఏ గంటకి కూలుతుందో తెలీదు. గుర్రాలెక్కినవాళ్ళు, బరువులు మోసే జంతువుల్ని తోలుకొచ్చినవాళ్ళు, ఒకరితో ఒకరు మాట్లాడకుండా గోడ చుట్టూ నిలబడతారు. ఇల్లు ఉన్నట్టుండి మాయమవుతుంది. లోపలున్న సామానంతా గడ్డి మీద కుప్ప. సగంమంది సామాను మీద పడితే, తెలివైనవాళ్ళు దాన్ని వదిలేసి, ఆ ఖాళీ అయిన నేల మీద తమ ఇల్లు పడేదాకా క్లిక్ మీద క్లిక్ కొడుతుంటారు.

దారి మారితే

ఈ విషయంలో నేను చూసినవాటిలో అన్నిటికంటే చక్కని ఉదాహరణ ఈవ్ ఆన్‌లైన్. ఐస్‌లాండ్‌కి చెందిన సీసీపీ గేమ్స్ 2003 మేలో విడుదల చేసిన అంతరిక్షపు ఆట. మిగతా గేముల్లో ఒకే లోకానికి పదుల నకళ్ళు ఉండి, ఒక్కొక్కరు ఒక్కో నకలులో ఆడతారు. ఈవ్‌లో, చైనాని మినహాయిస్తే, ప్రపంచంలో అందరూ ఒకే లోకంలో ఉంటారు. వేల నక్షత్ర మండలాలు, వాటిని కలిపే ద్వారాలు. ఒక ద్వారంలోంచి దూకితే పక్క మండలం. కాబట్టి ఇక్కడ దూరాన్ని కొలిచేది దూకుళ్ళలో.

ప్రతి మండలానికీ ఒక భద్రతా అంకె ఉంటుంది. 1.0 నుంచి 0.5 దాకా కాంకర్డ్ అనే పోలీసులు తిరుగుతారు. అక్కడ ఎవరైనా నిన్ను కాలిస్తే వాళ్ళొచ్చి వాడి ఓడని పేల్చేస్తారు. అయితే నువ్వు పేలిపోయే లోపల వస్తారన్న హామీ లేదు. ఆ కింద 0.1 దాకా పోలీసులు రారు. సున్నా, ఆ దిగువన ఇక చట్టమే లేదు, బలమున్నవాడిదే రాజ్యం. విలువైన ఖనిజాలు అక్కడే ఎక్కువ.

మొదట్లో వ్యాపారమంతా యులై అనే మండలంలో సాగేది. అందులో ప్రత్యేకత ఏమీ లేదు, అన్ని వైపుల నుంచీ పెద్ద రహదారుల్లాంటి ద్వారాలు అక్కడికి వచ్చి కలిసేవి, అంతే. ఎక్కడివాడైనా కొద్ది దూకుళ్ళలో చేరిపోగలడు. జనం మరీ కిక్కిరిసిపోవడంతో సీసీపీ ఆ రహదారి ద్వారాలు తీసేసింది. యులైలో స్టేషన్లు అలాగే ఉన్నాయి, అంగళ్ళు అలాగే ఉన్నాయి, పోలీసుల కేంద్రం కూడా అక్కడే ఉంది. జనం మాత్రం ఖాళీ అయ్యారు. బైపాస్ పడ్డాక ఊరి నడిబొడ్డున ఉన్న హోటలువాడి పరిస్థితి గుర్తుకొస్తుంది. దోసె రుచి తగ్గలేదు, బస్సు ఆగడం మానేసింది.

ఆ తర్వాత పుట్టిందే జిటా. కల్దారీ జాతి రాజ్యంలో ఉంది. ఆ జాతిని ఎంచుకుని ఆడేవాళ్ళు ఎక్కువ, చుట్టుపక్కల మంచి పని దొరికే స్టేషన్లు ఉన్నాయి, భద్రత ఉంది. పని చేసుకునేవాళ్ళు సంపాదించింది దగ్గర్లోనే అమ్ముకున్నారు. జిటాలో నాలుగో గ్రహం, దాని నాలుగో చంద్రుడి దగ్గరున్న స్టేషన్‌ని ఆటగాళ్ళు "ఫోర్-ఫోర్" అంటారు. ఈవ్ ఆడిన ప్రతివాడూ ఏదో ఒకరోజు అక్కడ ఓడ దించినవాడే. స్థానిక చాట్ తెరిస్తే చదివేలోపే పైకి జారిపోయే ప్రకటనల వరద. నీ డబ్బు పంపు, రెట్టింపు చేసి తిరిగిస్తా అనే మోసగాళ్ళు ఆ వరదలో సగం. అది మోసమని ఊరందరికీ తెలుసు, అయినా రోజూ ఎవడో ఒకడు పంపుతూనే ఉంటాడు. ఆ రద్దీని మోయడానికి సీసీపీ జిటా ఒక్కదానికే ప్రత్యేకంగా బలమైన కంప్యూటరు కేటాయించాల్సి వచ్చింది.

జిటా ఎందుకు కదలదో కూడా చూడాలి. అమార్, డొడిక్సీ, రెన్స్, హెక్ లాంటి ఇతర సంతలు ఉన్నాయి, కానీ జిటా ముందు అవన్నీ చిన్నవే. జిటాలో సరుకు చవగ్గా దొరకడానికి కారణం అమ్మేవాళ్ళు ఎక్కువ ఉండటం. అమ్మేవాళ్ళు ఎక్కువ ఉండటానికి కారణం కొనేవాళ్ళు ఎక్కువ ఉండటం. ఆ కొనేవాళ్ళు వచ్చేది చవకని. ఈ సుడిలోంచి ఒక్కడు బయటపడి వేరే చోట అంగడి పెడితే వాడు నష్టపోతాడు తప్ప జిటాకి ఏమీ కాదు. 2012 ఏప్రిల్‌లో గూన్‌స్వార్మ్ అనే పెద్ద ముఠా జిటాని తగలబెడతామని ముందే ప్రకటించి మరీ దాడి చేసింది. సరుకు ఓడలు గుట్టలుగా పేలాయి. దాడి అయిపోయాక మళ్ళీ అదే సంత.

2016 ఏప్రిల్‌లో ఆటగాళ్ళు సొంతంగా పెద్ద కేంద్రాలు కట్టుకుని వాటిలో అంగళ్ళు నడిపే వీలు వచ్చింది. పన్ను ఎంత వెయ్యాలో కట్టినవాడి ఇష్టం. ఇక జిటా పని అయిపోయినట్టే అనుకున్నవాళ్ళు ఉన్నారు. పెద్ద కూటములు నిజంగానే తక్కువ పన్నుతో పెద్ద అంగడి కట్టాయి. ఎక్కడ కట్టాయి? పెరిమీటర్‌లో. జిటాకి ఒకే ఒక్క దూకుడు దూరం. అంత డబ్బు, అంత బలం ఉండి కూడా జనాన్ని ఒక ద్వారం కంటే దూరం లాగగలమని వాళ్ళకే నమ్మకం లేదు.

2020లో కథలో భాగంగా ట్రిగ్లావియన్లు అనే జాతి దండెత్తి 27 మండలాల్ని పట్టుకుపోయింది. అందులో నియార్జా ఒకటి. జిటాకీ అమార్‌కీ మధ్య పోలీసులుండే దగ్గరి దారి దాని మీదుగానే పోయేది. 9 దూకుళ్ళ ప్రయాణం, భద్రమైన దారిలోనే పోవాలంటే 40కి పైగా అయింది. సరుకు మోసేవాళ్ళు లబోదిబోమన్నారు. నిజానికి నియార్జా దొంగలు కాపు కాసే ఇరుకు సందు కూడా, అదే దారిలో ఓడలు పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో. అయినా పోయాక ఏడ్చారు.

ఇక సున్నా భద్రత దగ్గరికి వస్తే, అక్కడ స్థిరపడ్డవాళ్ళ లెక్క వేరు. ఒంటరిగా పోయి బతకలేరు. వేలమంది ఉన్న కూటమిలో చేరి, దాని రాజ్యంలో ఉండాలి. పెద్ద కూటములు తమ చేతిలో ఉన్న మిగులు మండలాల్ని చిన్న జట్లకి కౌలుకిచ్చాయి. నెలనెలా కౌలు కట్టాలి, తవ్వుకోవాలి, శత్రువొస్తే దాక్కోవాలి. పై కూటమి కూడా తన మండలాల మీద ఆటకి రుసుము కట్టాలి. 2014 జనవరిలో ఒక కూటమి తన ఓడలన్నీ దాచుకున్న బీ-ఆర్5ఆర్‌బీ అనే మండలానికి రుసుము కట్టడం తప్పిపోయింది. మండలం దిక్కులేనిదైంది, శత్రువు దిగాడు. దాదాపు 21 గంటలు యుద్ధం. టైటాన్లు అనే మహా ఓడలు 75 పేలిపోయాయి. అసలు డబ్బులో చూస్తే దాదాపు 3 లక్షల డాలర్ల విలువని కంపెనీ లెక్కగట్టింది. ఇంటి పన్ను కట్టకపోతే మున్సిపాలిటీవాళ్ళు నోటీసు ఇస్తారు. ఈవ్‌లో ఆ మర్యాద కూడా లేదు.

ఇంత దూరం వెళ్ళి స్థిరపడ్డవాళ్ళలో చాలామందికి జిటాలో ఇంకో పాత్ర ఉంటుంది. యుద్ధం చెయ్యదు, ఎటూ కదలదు. స్టేషన్‌లో కూర్చుని కొనడం, అమ్మడం దాని పని.

దూరం చచ్చిపోతే

దారి తీసేస్తే యులై ఖాళీ అయింది. దారి అవసరమే లేకుండా చేస్తే ఏమవుతుంది? దీనికి సెకండ్ లైఫ్‌లో సమాధానం దొరుకుతుంది. 2003లో మొదలైన ఈ లోకంలో గెలవడం ఓడడం ఉండవు. భూమి కొనుక్కోవడం, కట్టుకోవడం, అమ్ముకోవడం, కబుర్లు. భూమికి అసలు డబ్బు కట్టాలి. మొదట్లో ఎక్కడికైనా టెలిపోర్ట్ అయితే, అంటే నడవకుండా ఒక్కసారిగా వేరే చోటికి పోవాలంటే, నేరుగా అక్కడ దిగేవాళ్ళు కారు. దగ్గర్లో ఉన్న టెలిహబ్ అనే చోట దిగి, అక్కడి నుంచి ఎగురుకుంటూ పోవాలి. ఇంకేం, టెలిహబ్ చుట్టూ భూమి బస్టాండు ముందు కొట్ల ధర పలికింది. షాపింగ్ మాల్స్ లేచాయి.

2005 డిసెంబరులో, ఆ లోకాన్ని నడిపే లిండెన్ ల్యాబ్ కంపెనీ టెలిహబ్‌లు ఎత్తేసి, కోరిన చోట నేరుగా దిగే ఏర్పాటు పెట్టింది. మంచి సౌకర్యమే, అందరూ అడిగిందే. కానీ టెలిహబ్ పక్క భూమి కొన్నవాళ్ళు కొన్నది నేలని కాదు, దాని ముందు నుంచి నడిచిపోయే జనాన్ని. ఆ జనం ఒక్క అప్‌డేట్‌తో పోయారు. గోల మొదలయ్యాక కంపెనీ కొందరి భూముల్ని తిరిగి కొంటానని ముందుకి రావాల్సి వచ్చింది.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గురించి క్లుప్తంగా చెప్తాను, అదే సూత్రం కాబట్టి. 2004 నవంబరులో వచ్చినప్పుడు అలయన్స్ పక్షానికి విశాలమైన రాజధాని స్టార్మ్‌విండ్. కాలువలు, తోటలు, పెద్ద గుడి. జనం మాత్రం కొండ కడుపులో తొలిచిన ఐరన్‌ఫోర్జ్‌లో కిక్కిరిసి, కంప్యూటర్లు నత్తనడక నడిచేదాకా నిలబడ్డారు. వేలం అంగడి అక్కడే ఉంది, బ్యాంకు దాని ఎదురుగానే ఉంది. 2006 జనవరిలో వేలం అంగళ్ళని అన్ని రాజధానుల్లో పెట్టి ఒకదానితో ఒకటి కలిపేశాక ఆ గుంపు మెల్లగా పలచబడింది. 2014 నవంబరులో గ్యారిసన్ పేరుతో ప్రతి ఆటగాడికీ సొంత కోట ఇచ్చి, కావాల్సిన పనులన్నీ అందులోనే జరిగేలా చేశారు. అడిగినవన్నీ గుమ్మంలోకే వచ్చాయి. ఊళ్ళలో మనిషి జాడ తగ్గిపోయింది. ఎవడి కోటలో వాడు కూర్చుని, ఈ గేములో జనం లేరేంటి అని విసుక్కున్నారు.

ఫైనల్ ఫాంటసీ 14లో రెండు రకాల చోట్లూ పక్కపక్కనే కనిపిస్తాయి. కబుర్లకి జనం చేరేది లిమ్సా లొమిన్సా అనే రేవు పట్నంలో. టెలిపోర్ట్ అయి దిగగానే, కాస్త అటూ ఇటూ అడుగేస్తే అంగడి బోర్డు, మోగిస్తే దాచుకున్న సామాను చేతికందే గంట. ఆ కొన్ని అడుగుల పొదుపు కోసం పట్నమంతా ఒక మూలకి ఒరిగిపోయింది. రాత్రి పూట చూడండి, అంగడితో పనిలేనివాళ్ళు కూడా అక్కడే డాన్సులు చేస్తుంటారు.

ఇళ్ళు మాత్రం వేరు. ఇళ్ళ కాలనీల్లో ఒక్కో వార్డుకి 60 స్థలాలే. తన ఇంటికి ఎక్కడి నుంచైనా టెలిపోర్ట్ కావచ్చు కాబట్టి దూరం లెక్కలోకి రాదు. అప్పుడు తలెత్తుతుంది మనం మొదట్లో పక్కన పెట్టిన అభిరుచి. సముద్రం కనపడాలి, మూల స్థలమైతే బాగుండు, ఎదురింటివాడి గోడ అడ్డు రాకూడదు. అచ్చం మనవాళ్ళు తూర్పు ముఖం అడిగినట్టే. 2022కి ముందు ఖాళీ అయిన స్థలం ఏ క్షణాన అమ్మకానికి వస్తుందో తెలీక, బోర్డు ముందు నిలబడి గంటల తరబడి దాని మీద క్లిక్ చేసేవాళ్ళు. పక్కన పదిమంది అదే పని మీద. 2022 ఏప్రిల్‌లో లాటరీ వచ్చింది. వేళ్ళ నొప్పులు తగ్గాయి, ఏడుపు తగ్గలేదు. 45 రోజులు ఇంట్లో అడుగుపెట్టకపోతే కూల్చేసే నిబంధన కూడా ఉంది. దాంతో ఆట మానేసినవాళ్ళు కూడా ఇంటి మీద మమకారంతో నెలనెలా చందా కట్టి, ఒకసారి లోపలికి వెళ్ళి దీపం పెట్టినట్టు వచ్చేస్తుంటారు.

గేములో ఏ ఊరు అన్నదానికంటే ముందు ఏ సర్వర్ అన్నది మనవాళ్ళకి తలనొప్పి. అన్న డాలస్‌లో, తమ్ముడు విజయవాడలో ఉండి కలిసి ఆడాలంటే సర్వర్ ఎవరి వైపు ఉండాలి? అమెరికా సర్వర్ అయితే ఇక్కడి నుంచి సంకేతం వెళ్ళి రావడానికి (దీన్నే పింగ్ అంటారు) 200 మిల్లీసెకన్లకి పైనే పడుతుంది. కాల్పుల ఆటలో అంతలో చచ్చిపోతాం. దాని మీద, ఇక్కడ రాత్రి భోజనాలయ్యే వేళకి అక్కడివాళ్ళు ఆఫీసు మీటింగుల్లో ఉంటారు. చివరికి పింగ్ ఓర్చుకునేవాడు తమ్ముడే అవుతాడు, ఎందుకంటే జట్టులో మిగతావాళ్ళు అన్న స్నేహితులు.

దూరమే గోడ

మైన్‌క్రాఫ్ట్‌లో 2బీ2టీ అనే సర్వర్ ఉంది. 2010 డిసెంబరు నుంచి అదే లోకం, ఒక్కసారి కూడా చెరిపి మళ్ళీ మొదలుపెట్టలేదు. నియమాలు లేవు. ఎవడి ఇల్లయినా కూల్చొచ్చు, మోసం చెయ్యొచ్చు, హ్యాక్ వాడొచ్చు. అందరూ పుట్టే చోటు ఏళ్ళ తరబడి పేలుళ్ళతో గోతులు పడి, గడ్డి పరక లేకుండా ఉంటుంది. కొత్తగా పుట్టినవాడు తినడానికి ఏమీ దొరక్క ఆకలితోనే చస్తాడు. సంత లేదు, బ్యాంకు లేదు, కాపలా లేదు. ఇంతవరకు మనం చెప్పుకున్న లెక్కలన్నీ ఇక్కడ తలకిందులు. పక్కింటివాడు ఉండటమే ప్రమాదం.

కాబట్టి దూరంగా పోతారు. లోకం మధ్య నుంచి నాలుగు వైపులా 3 కోట్ల దిమ్మెల దాకా ఉంటుంది. నెదర్ అనే పాతాళంలో ఒక దిమ్మె నడిస్తే పైన 8 దిమ్మెలు నడిచినట్టు. అందుకే పాతాళంలో ఆటగాళ్ళు తరతరాలుగా రోడ్లు తవ్వారు. ఆ రోడ్ల వెంట పోయి, ఎక్కడో పైకి లేచి, లక్షల దిమ్మెల అవతల ఇల్లు కడతారు. ఎక్కడ కట్టాలన్నదానికి ఇక్కడ పెద్దల మాటలున్నాయి. రోడ్డుకి సూటిగా కట్టకు. నిలువు, అడ్డ గీతల మీద కట్టకు, వెతికేవాడు ముందు అక్కడే వెతుకుతాడు. పది లక్షలు, ఇరవై లక్షలు అని గుండ్రటి అంకె దగ్గర అస్సలు ఆగకు, అక్కడ ఆగాలనే ప్రతివాడికీ అనిపిస్తుంది.

అయినా దొరికిపోతారు. మైన్‌క్రాఫ్ట్ లోకం ముందుగా తయారై ఉండదు, ఎవరైనా నడిచినకొద్దీ తయారవుతుంది. ఫలానా నేల ఇంతకుముందే తయారైందా, ఇప్పుడే తయారవుతోందా అని పసిగట్టే హ్యాక్‌లు వచ్చాయి. పాత నేల ఒక చారలా సాగితే అటు ఎవరో వెళ్ళారన్నమాట. ఇసుకలో అడుగుజాడ పట్టుకున్నట్టు ఆ చార వెంట పోతే చివర ఇల్లు. 2018 నుంచి 2021 దాకా ఒక ముఠా సర్వర్‌లోని లొసుగు పట్టుకుని, కూర్చున్న చోటు నుంచే లోకంలో ఎక్కడెక్కడ మనుషులు తిరుగుతున్నారో నమోదు చేసింది. లక్షల దిమ్మెల దూరం మూడేళ్ళపాటు ఎవరికీ తెలియకుండానే గోడగా పనికిరాకుండా పోయింది.

సెలవులు అయిపోవస్తుండగా మావాళ్ళ లోకం మళ్ళీ చూశాను. పుట్టే చోటు చుట్టూ మూడిళ్ళు, మధ్యలో అందరి పెట్టెలు. నేలలో దూరిన మావాడు కూడా సొరంగం తవ్వుకుంటూ వచ్చి ఆ పెట్టెల కిందే తేలాడు. పెట్టెల పక్కన కొత్తగా ఒక చిన్న కొట్టు లేచింది. గాజు కిటికీ, లోపల వజ్రాల గొడ్డళ్ళు, బోర్డు మీద ధర ఇన్ని ఇనుప కడ్డీలని. ఎవరిదిరా ఇది అన్నాను.

"నాలుగోవాడిది మామయ్యా."

"మరి ఇల్లు?"

"అదెక్కడుందో ఇంకా చెప్పట్లేదు."